క్యాసెట్ల అన్న చూడమన్న సినిమాలు

క్యాసెట్ల అన్న పోయిన వార్త నాకు దుకాణంలో తెలిసింది. యూరియా కోసం వచ్చిన మోస్రా రైతు ఒకాయన బస్తా మీద కూర్చుంటూ, "మీ పక్క దుకాణపాయన పోయిండట గదా, నిజామాబాద్ దవఖానల," అన్నాడు. రాస్తున్న పద్దు పూర్తి చేసి కలానికి మూత పెట్టాను. ఆయనను తీసుకుపోయిన రోజునే తిరిగి రాడని మా అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు. "షెటర్ సగం దించిపెట్టు, దుమ్ము వడ్తది," అని మాత్రం నాతో చెప్పి ఆటో ఎక్కాడు.

బోధన్‌లో ఆయన వీడియో క్యాసెట్ల దుకాణమూ, నేను లెక్కలు రాసే ఎరువుల దుకాణమూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. ఎనభైల చివర్లో ఆయన దుకాణం తెరిచాడు. టీవీ, వీసీఆర్ కూడా కిరాయికి ఇచ్చేవాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటిని దుప్పట్లలో చుట్టి, చంటిపిల్లను తీసుకుపోయినట్టు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేవాళ్లు.

ఆయన దగ్గర ఒక రివాజు ఉండేది. రెండు సినిమాలు తీసుకున్నవాడికి మూడో క్యాసెట్ ఊరికే ఇచ్చేవాడు. ఆ మూడోది డాక్యుమెంటరీ. వద్దంటే మొదటి రెండూ లేవు. తిరిగి ఇచ్చేటప్పుడు ఒక ప్రశ్న అడిగేవాడు. "ముసలామె గంప ఏ చెయ్యితోని ఎత్తుకున్నది?" "పడవాయన ఆఖరికి నవ్విండా లేదా?" జవాబు చెప్పలేకపోతే కొత్త సినిమా ఇంకొకరికి పోయినట్టే. అందుకని కొందరు మా మెట్ల మీద నిలబడి, చూసినవాళ్లను అడిగి జవాబులు బట్టీపట్టేవాళ్లు. అన్నకు అదీ తెలుసు. "మంచిదే తియ్యి. సూసినోడు సూడనోనికి చెప్తుండు. గంతే గావాలె," అనేవాడు.

వర్ని దిక్కు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊరైన క్యాంపు నుంచి రైతు ఒకాయన వచ్చేవాడు. ఒకసారి వస్తూనే క్యాసెట్ బల్ల మీద పెట్టి, "ఏంటండీ ఇది? ఇంటినిండా చుట్టాలు. మీరేమో వానపాముల సినిమా ఇచ్చారు!" అన్నాడు.

"సూసిన్రా మరి?"

"చూడక చస్తామా? మళ్లీ మీ ప్రశ్న ఒకటి ఉంటుందిగా. మా మామగారైతే రెండోసారి వేయించుకున్నారు."

"గట్లయితే ప్రశ్న మీకు కాదు, ఆయనకు," అని అన్న ఇంకో క్యాసెట్ ఆయన చేతిలో పెట్టాడు. ఇద్దరూ నవ్వారు. మా ఎరువుల దుకాణం సేటు కూడా తొంగిచూసి నవ్వాడు.

ఏ డాక్యుమెంటరీలు చూడాలని మీరు నన్ను అడిగితే పేర్లు చెప్పలేను. నాందేడ్‌లో ఒక లెక్చరర్ దగ్గరా, హైదరాబాదులో ఎవరెవరి దగ్గరో కాపీ చేయించి తెచ్చినవి అవి. చాలావాటికి పేర్లున్న మొదటి ముక్క ఉండేది కాదు. నేను బడికి పోయింది తక్కువ. అక్షరాలు దుకాణంలోనే నేర్చుకున్నాను, చూడటం ఈయన దగ్గర నేర్చుకున్నాను. కాబట్టి నాకు గుర్తున్నట్టే చెబుతాను. ఏదో నది మీద వంతెన కడుతుంటారు. ఇంజనీర్లు కాసేపు కనిపించి పోతారు. సినిమా అంతా కూలీలకు అన్నం వండే ఒక ఆడమనిషి వెంటే ఉంటుంది. వంతెన పూర్తయ్యాక ఆమె మూటా ముల్లే సర్దుకుని పడవలోనే నది దాటి పోతుంది. అది దొరికితే చూడండి. సముద్రం ఒడ్డున లైట్‌హౌస్‌లో దీపం చూసుకునే ఆయన మీద ఒకటి ఉంది. అందులో ఏమీ జరగదు. ఏమీ జరగలేదని నేను అంటే, "ఆయన అద్దం తుడిచిండు గదా," అన్నాడు అన్న. అదీ చూడండి. ఏదైనా సరే, మొదటిసారి మాటలు బందుపెట్టి చూడాలని ఆయన పట్టు. మాటలు వింటే వాళ్లు చెప్పిందే కనబడుతుందట.

అన్నకు పెళ్లి లేదు. తల్లిదండ్రులు పోయాక చిన్నవాడైన తమ్ముణ్ని ఆయనే పెంచాడు. తమ్ముడు చెరకు లారీ నడిపేవాడు. చెరకు తగ్గి పని దొరకని రోజులు వచ్చాక దుబాయి పోతానన్నాడు. ఏజెంటుతో మాట్లాడుకుని వచ్చాకనే అన్నకు చెప్పాడు. అన్న వద్దని అరవలేదు. హైదరాబాదు పోయి, అరబ్బు దేశాల్లో మన కూలీలుండే క్యాంపుల మీద తీసిన డాక్యుమెంటరీ ఒకటి వెతికి తెచ్చాడు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక మా గల్లీలో బల్ల వేసి, టీవీ పెట్టి, తమ్ముణ్ని ముందు వరుసలో కూర్చోబెట్టాడు. దుబాయి సినిమా అనగానే గల్లీ అంతా వచ్చింది.

మొదట్లో ఇసుక, రేకుల షెడ్లు. తర్వాత సాయంత్రం పూట పని నుంచి వచ్చిన మనుషులు వరుస నల్లాల దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. ఒకడు భుజం మీద తువ్వాలతో అటు తిరిగి నిలబడ్డాడు.

మా గల్లీలో బీడీలు చేసే అక్క లేచి నిలబడింది. ఆమె భర్త దుబాయి పోయి ఏళ్లయింది, ఉత్తరం లేదు, ఫోను లేదు. "ఆపన్నా! ఆపు! గాయన మా ఆయననే!" అన్నది.

"మొకమన్న కనవడకపాయె, నీ పెనిమిటి ఎట్లయితడే?" అన్నారెవరో.

"తువ్వాల గట్ల నాలుగు మడతలేసి ఏసుకునేటోడు ఇంకెవడున్నడు? ఎనుకకు వెట్టన్నా, నీ కాల్మొక్త."

అన్న వెనక్కి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. అప్పటికి ఇంకొకామె ముందుకు జరిగింది. "గా గోడకు కూసున్నోడు మా పెద్దోడేమో, జర ఆపు బిడ్డా." రెంజల్ నుంచి చుట్టంగా వచ్చిన ముసలాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, తన అల్లుడు ఉన్నాడేమో చూడమన్నాడు. అన్న టీవీ పక్కన నిలబడి, "ముందుకు సూడుండ్రి. రూములు సూపెడ్తడు, పాస్‌పోర్టులు గుంజుకునుడు సూపెడ్తడు. అది సూడుండ్రి," అని బతిమాలాడు. ఎవరూ వినలేదు. సినిమా ఆ నల్లాల దగ్గరే ఆగిపోయింది.

తమ్ముడు లేచి బీడీల అక్క దగ్గరికి వచ్చాడు. "ఊకో అక్కా. నేను పోతున్న గదా. గా నల్లాల కాడికి పోయి బావను పట్టుకొస్త."

"అరేయ్, అది ఏ దేశమో ఎర్కేనా నీకు? దుబాయంటే బోధన్ బస్టాండనుకుంటున్నవా?" అన్నాడు అన్న.

"అడుక్కుంట పోత. అందరు మనోళ్లే కనవడుతున్నరు గదనే."

ఆపడానికి తెచ్చిన సినిమా అతనికి పోవడానికి ఒక పని అప్పజెప్పింది. ఆ నెల దాటకుండానే పోయాడు. బీడీల అక్క బస్టాండుకు వచ్చి, భర్త పెళ్లినాటి ఫొటో అతని చేతిలో పెట్టింది.

మొదట్లో ఫోన్లు వచ్చేవి. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి పిలుపు వస్తే అన్న చెప్పులు లేకుండా పరుగెత్తేవాడు. కంపెనీ మారుతున్నానని తమ్ముడు ఒకసారి చెప్పాడట. అదే చివరిది. ఏజెంటు గదికి తాళం. అన్న వెంట నేనూ హైదరాబాదులో రెండు మూడు ఆఫీసులకు పోయాను. ఎక్కడికి పోయినా మాకంటే ముందు వచ్చినవాళ్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు.

తర్వాత అన్న మూడో క్యాసెట్ ఇవ్వడం మానేశాడు. క్యాంపు రైతు వచ్చి, "ఈసారి మాకేం లేదాండీ?" అని అడిగితే, "లేదు సార్," అన్నాడు. కేబుల్ వచ్చింది, సీడీలు వచ్చాయి, వచ్చేవాళ్లు తగ్గారు. సాయంత్రాలు ఆయన లోపల కూర్చుని ఆ ఒక్క దుబాయి సినిమానే పెట్టుకుని, నల్లాల దగ్గర వెనక్కి తిప్పుతూ ఉండేవాడు. చాయ్ తీసుకుపోయినప్పుడు ఒకసారి ఉండబట్టలేక అన్నాను: "అన్నా, ఇది తమ్ముడు పోకముందు తీసింది గదనే."

"తెల్సు."

చాయ్ సగం తాగాక, టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా అన్నాడు: "బీడీలామె తన పెనిమిటిని సూసింది గదా. ఎట్ల సూసిందో అని."

ఆయన ఇచ్చినవాటిలో అన్నిటికంటే మంచి సినిమా అదే అనుకుంటాను. మీకు దొరికితే చివరిదాకా చూడండి. మా ఊళ్లో ఆయన తప్ప ఎవరమూ చూడలేదు.

నిజామాబాద్ రోడ్డు పక్కనున్న సమాధుల తోటలో మట్టి చేశాము. పది పదిహేను మందిమి ఉన్నాము. పాస్టరు గారు కొత్తగా వచ్చినాయన, అన్న ఇంటి సంగతి ఆయనకు తెలియదు. పెట్టె లోపలికి దించాక, "తోడబుట్టినవాళ్లుంటే ముందుకు రండి. మొదటి పిడికెడు మట్టి మీరే వెయ్యాలి," అన్నారు. అందరమూ వంగి పిడికెడు మట్టి తీసుకున్నాము, ముందుకు మాత్రం ఎవరమూ పోలేదు. అప్పుడే నిజామాబాద్ నుంచి వచ్చిన బస్సు ఒకటి గేటు ముందు ఆగింది. బీడీల అక్క అటు తిరిగింది. ఆమె వెనక మేమందరమూ తిరిగాము. పిడికిళ్లలో మట్టి పట్టుకుని, దిగుతున్న ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ, బస్సు కదిలిపోయేదాకా అలాగే నిలబడ్డాము.