జ్వరం దాచుకున్న దర్జీ

మా అత్యవసర విభాగంలో పెద్ద నర్సమ్మకు నోరెక్కువని పేరు. ఇరవై ఏళ్లు అక్కడ పనిచేస్తే ఎవరికైనా అంతే. కాలేయ మార్పిడి చేయించుకున్నవాళ్లను ఇంటికి పంపేటప్పుడు ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెబుతుంది: జ్వరం వస్తే మాత్ర మింగి కూర్చోకండి, నేరుగా ఇక్కడికి రండి, రాగానే ఆపరేషన్ సంగతి చెప్పండి. అందరూ తలూపుతారు. ఇంటికెళ్లి తమకు తోచిందే చేస్తారు.

ఆ సోమవారం పొద్దున దర్జీ వచ్చాడు. ఐదు నెలల కిందట చెల్లెలు తన కాలేయంలో సగానికి పైగా ఇచ్చి బతికించుకున్న మనిషి. ఒంట్లో నలతగా ఉందని మాత్రమే చెప్పాడు. చూస్తే జ్వరం లేదు. గుమస్తా ఆయన్ని మామూలు వరుసలో కూర్చోబెట్టాడు.

గంట తర్వాత అటుగా వెళ్తూ నర్సమ్మ ఆయన కళ్లు చూసింది. పచ్చగా ఉన్నాయి. చేతులు వణుకుతున్నాయి, బీపీ పడిపోతోంది. ఆరా తీస్తే నాలుగు రోజులుగా జ్వరమట. ఆసుపత్రికి జ్వరంతో రావడం బాగుండదని మాత్ర వేసుకుని, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడట. నర్సమ్మకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. డ్యూటీ డాక్టర్ని నేను. ఏ క్రిమో తేల్చే పరీక్షకు రక్తం తీయకముందే యాంటీబయాటిక్ మందు ఎక్కించబోయానని నాకూ వడ్డించింది.

స్కాన్‌లో తేలింది, పైత్యరసం వెళ్లే నాళం మూసుకుపోయి చీము పట్టింది. దారి తెరవకపోతే కాలేయమే కాదు, ప్రాణమూ దక్కదు.

"మీ చెల్లికైనా చెప్పొచ్చుగా?" అంది నర్సమ్మ, మంచం తోస్తూనే.

"కోయించుకుని ఇచ్చిందమ్మా. పాడుచేశానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

మధ్యాహ్నానికి నాళంలో చిన్న గొట్టం వేశారు. సాయంత్రానికి బీపీ నిలబడింది, గండం గడిచింది. చెల్లెలు పరుగున వచ్చి, దాచిపెట్టినందుకు అన్నను ఉతికి ఆరేసింది. నర్సమ్మకు ప్రాణం లేచొచ్చింది, తన తరఫున తిట్టే మనిషి ఒకరు దొరికారని.

తిట్టడం అయ్యాక దుప్పటి సర్దబోయి వంగిన చెల్లెలు, పొట్ట పట్టుకుని అక్కడే ఆగిపోయింది. ఏమైందని నర్సమ్మ అడిగింది.

"రెండు నెలలుగా కుట్ల దగ్గర ఉబ్బి నొప్పెడుతోంది," అంది ఆమె మెల్లగా. "అన్నయ్యకి చెప్పకండి. తన వల్లే అని కుమిలిపోతాడు."

అన్నయ్య రెండడుగుల దూరంలో వింటున్నాడు. నర్సమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తిట్టడానికి కూడా ఓపిక లేక, పక్క మంచం చూపించి ఆమెను పడుకోమంది.