నారుమడికి తూర్పున

మా ఊళ్లో ఇప్పుడు గాలి ఎంత చల్లగా ఉందో అందరికీ తెలుసు. ఫోన్ తీసి చూపిస్తారు. ఈ రాత్రి ఎంత, రేపు తెల్లవారుజామున ఎంత, భీమవరంలో ఎంత, అన్నీ చెబుతారు. మట్టి ఎంత చల్లగా ఉందో మాత్రం ఒక్కడూ చెప్పలేడు. తెలుసుకోవాలనే ధ్యాస కూడా లేదు. విత్తనం గాలిలో మొలుస్తుందనుకుంటున్నారో ఏమో!

ఈ కోపం నాకు కొత్తగా వచ్చింది కాదు. ఈ దాళ్వాలో, అంటే ఈ రెండో పంటలో ముదిరింది, అంతే.

మా చెల్లెలు ఊరి శివారున పొలం కౌలుకు చేస్తుంది. భర్త పోయాక మానేస్తుందని చాలామంది అనుకున్నారు. మానలేదు. ఆ పొలానికి తూర్పు మూల కొంచెం మెరక. నీళ్లు పెడితే నిలుస్తాయి, తీస్తే పోతాయి; మిగతా చేను పల్లం, అక్కడ పెట్టిన నీళ్లు తీయలేం. పొద్దున్నే మొదటి ఎండ అక్కడే పడుతుంది. ఎవరు కౌలుకు చేసినా నారుమడి అక్కడే. పోయిన వేసవిలో ఆ మూలకు అవతలి చేను రొయ్యల చెరువైంది. మధ్యలో మనిషి ఎత్తును మించిన గట్టు లేచింది. దాళ్వా నారు పోసే రోజుల్లో పక్క చేలల్లో మంచు విడిపోయి ఎండ కాస్తుంటే, మా చెల్లెలి నారుమడి ఇంకా గట్టు నీడలోనే ఉండేది. పైగా గట్టు అడుగునుంచి రాత్రీ పగలూ ఊట. ఆ మూలలో కాలు పెడితే పిక్కల దాకా జివ్వుమనేది.

మండె కట్టడంలో మా చెల్లెలు చెయ్యి మంచిది. నానిన వడ్లను గోనె సంచిలో పోసి, గడ్డి కప్పి, పైన బరువు పెట్టి, మొలక కోసం ఆగడమే మండె. చలికాలం గోరువెచ్చని నీళ్లు చల్లుతూ ఉండాలి. సంచిలోకి చెయ్యి దూర్చి లోపలి వేడి చూసుకుంటూ ఉండాలి. ఈసారీ మొలక తెల్లగా, ఒక్క గింజ తప్పకుండా వచ్చింది. దాన్ని తీసుకెళ్లి ఆ చల్లటి బురదలో చల్లింది. సగం మురిగింది. మిగిలినది లేచి, పసుపు తిరిగి, అక్కడే ఆగిపోయింది.

మందుల కొట్టు కుర్రాడు జింకు కొట్టమన్నాడు. కొట్టింది. ఏం మారలేదు. ఎందుకు మారుతుంది? మట్టి చల్లబడితే వేరు పనిచేయదు. పక్కనే నీళ్లుంటాయి, తాగదు. జింకు ఉంటుంది, తీసుకోదు. రోగం అడుగున ఉంటే మనం ఆకు చూసి మందు కొడతాం.

నా చదువు అయిదో తరగతితో ఆగింది. మిగతాదంతా కాలువ లాకు దగ్గర నీళ్లు వదిలే లస్కరుగా పనిచేస్తూ, గ్రంథాలయం పుస్తకాలు తెచ్చుకుని చదివిందే. మట్టికి వేడి ఉంటుందనీ, అదీ గాలి వేడీ ఒకటి కాదనీ మొదట అక్కడే చదివాను. కానీ అప్పటి రైతులు ఆ పుస్తకం చదవకుండానే అలా నడుచుకునేవారు. చలి రోజుల్లో సాయంత్రం నారుమడి నీళ్లు తీసేసేవారు, ఎండెక్కాక పెట్టుకునేవారు. పొరపాటున నేను రాత్రిపూట తూము ఎత్తితే మా తాతల దాకా తిట్టేవారు. నారుమడికి తూర్పున ఎవరూ నీడ పెట్టకూడదు. అది రాసుకున్న చట్టం కాదు. అరటి వేసేవారు కాదు, ఆముదం చెట్టు ఉంచేవారు కాదు. ఒకాయన తన చేలో గడ్డిమేటు వేశాడు. దాని నీడ పొద్దున్నే పక్కవాడి నారు మీద పడుతోందని పెద్దలు కబురు పెట్టారు. ఆయన గొణుక్కుంటూనే వచ్చాడు గాని, వచ్చాడు. వీధి వీధంతా కదిలి ఆ మేటును పడమటికి మోశారు. నేనూ మోశాను.

ఆ కాలం మంచిదని చెప్పడానికి రాయడం లేదు. ఆ కాలంలో మా కులంవాళ్లను గట్టు మీద కూడా కూర్చోనిచ్చేవారు కాదు. కానీ నారుకు ఎండ కావాలన్న సంగతి మాత్రం ఎవరూ ఎగతాళి చేయలేదు.

చెల్లెలి దగ్గర ఇంకొక్కసారి పోయడానికే విత్తనం మిగిలింది. అదీ పోతే ఈ దాళ్వా లేనట్టే. ఆలస్యంగా నాటితే, పైరు పొట్ట దశకు వచ్చేసరికి కాలువ నీళ్లు కట్టేస్తారు. ఇద్దరం చెరువు కౌలుదారు దగ్గరకు వెళ్లాం. మా ఊరివాడే, నలభై దాటని మనిషి. చెరువులో థర్మామీటరు ముంచి చూస్తున్నాడు.

"రండి బాబాయ్ గారూ. అక్కా, బాగున్నావా? టీ చెప్పమంటారా?"

"టీ వద్దు గాని, ఆ మూల గట్టు కొంచెం దించు నాయనా," అన్నాను. "కనీసం ఊట నీరు పోయేలా నీ వైపు బోదె కాలువ తవ్వించు. నారు చచ్చిపోతోంది."

"గట్టు దించితే వానకి చెరువు పోతుందండి. అయినా సూర్యుణ్ణి నేనేమన్నా పట్టుకున్నానా అండి?"

"పట్టుకోలేదు. అడ్డం నిలబడ్డావు," అంది మా చెల్లెలు.

అతను నవ్వాడు. ఈ మర్యాదగా నవ్వేవాళ్లతోనే నాకు ఒళ్లు మండుతుంది. తిట్టేవాడైతే తిరిగి తిట్టొచ్చు. అతని చేతిలోని థర్మామీటరు తీసుకుని, గట్టు దిగి, నారుమడి బురదలో గుచ్చి తెచ్చి చూపించాను. చెరువు నీళ్లకన్నా ఆ మట్టే చల్లగా ఉంది.

"అయితే ఇంకేం బాబాయ్ గారూ, నారు మా చెరువులో పొయ్యండి," అన్నాడు. పక్కనున్న మేత చల్లేవాళ్లు కూడా నవ్వారు.

రొయ్యకు చలి వేసి మేత మానేస్తుందని రోజంతా నీళ్లు కొలుస్తారు. తప్పు లేదు, దాని ప్రాణం దానిది. అదే మనిషి, అదే పరికరం, గట్టుకు ఇవతల అడుగు దూరంలో మట్టిని కొలిస్తే జోకు. ఆ రోజు ఇంటికి వచ్చాక నాకు అన్నం సయించలేదు.

చెల్లెలు మాత్రం తినేసి, రెండో మండె కట్టింది. మొలక వచ్చే ముందు రోజు వాళ్లింటి ముందు సిమెంటు రోడ్డు ఊడుస్తుంటే చూశాను. ఆ రోడ్డు వాళ్లింటి దగ్గరే ఆగిపోతుంది. తొలి పంట సార్వా వడ్లు దాని మీదే ఆరబోస్తారు.

"ఏంటే ఇది? వడ్లు ఎప్పుడో ఎత్తేశారుగా."

"నారు పోస్తాను."

"రోడ్డు మీదా? నీకేమన్నా మతి పోయిందా?"

"సిమెంటు చీకటి పడ్డాక కూడా వెచ్చగా ఉంటుందని అరుగు మీద కూచుని నువ్వే కదా రోజూ చెబుతావు. చెప్పడానికేనా, వాడుకోడానికి పనికిరాదా?"

నేను కోప్పడుతూనే ఉన్నాను, ఆమె పని చేస్తూనే ఉంది. రోడ్డు మీద అరటాకులు పరిచింది. చుట్టూ అరటి బొందలు చీల్చి అంచు కట్టింది. జల్లించిన మట్టి, చివికిన పెంట కలిపి పలచగా పోసింది. దాని మీద మొలక వడ్లు దగ్గరదగ్గరగా చల్లింది. పగలంతా అడుగున సిమెంటు కాగేది. రాత్రి మంచు పడకుండా పైన ఫ్లెక్సీ కప్పేది. పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతున్న ఒక నాయకుడి నిలువెత్తు ఫ్లెక్సీ అది. "ఓటేసినందుకు ఇన్నాళ్లకు పొలం పనికొచ్చాడు," అనేది. పొద్దున్న ఎండ తగలగానే ఫ్లెక్సీ తీసేయమని నేను కేకలు వేసేవాణ్ణి. తీయకపోతే లోపల ఆవిరికి నారు ఉడికిపోతుంది. "లేచావా అన్నయ్యా, కోడి మానేసింది, నువ్వున్నావు," అనేది.

నారు పచ్చగా లేచింది. వేళ్లు ఒకదానిలో ఒకటి అల్లుకుని, మొత్తం చాపలా చుట్ట చుట్టడానికి వచ్చింది. చుట్టి తట్టల్లో మోసుకెళ్లాం. ఊడ్పుకి వచ్చిన ఆడవాళ్లు, "ఇదేం నారమ్మా, దీని మీద పడుకుని నిద్రపోవచ్చు," అని నవ్వుకుంటూ తుంచి నాటారు. మిగతా చేనంతా ఎండ పడేదే కాబట్టి నాలుగు రోజుల్లో తేరుకుంది. ఊరంతా వచ్చి ఫొటోలు తీసుకున్నారు.

నా కోపం అక్కడితో తీరాలి కదా, తీరలేదు. ఊడ్పులు అయిన సాయంత్రం మా చెల్లెలికి పొలం కౌలుకిచ్చిన ఆసామి వచ్చాడు, చెరువు కౌలుదారు మోటారు సైకిల్ మీద. గట్టు మీద నిలబడి, "చూశారా అండి, నష్టమేం జరగలేదు," అన్నాడు కౌలుదారు. ఆసామి తలూపాడు. "అవునమ్మా, నారు రోడ్డు మీద వచ్చేస్తోందిగా. ఇక ఈ మూల నీకెందుకు? వచ్చే వేసవికి ఇది కూడా చెరువులో కలిపేద్దామని అడుగుతున్నాడు."

అదీ సంగతి. మనిషి దెబ్బ తిని ఎలాగో లేచి నిలబడితే, చూశారా, దెబ్బే తగల్లేదంటారు.

చెల్లెలు చేతుల బురద కడుక్కుంటూ అడిగింది. "మూల కలిపితే గట్టు ఇటు జరుగుతుంది కదండి?"

"జరుగుతుంది."

"నీడ కూడా జరుగుతుంది కదండి. ఊట కూడా. ఈ సారి నారు మీద కాదు, చేను మీద పడుతుంది. చేను మొత్తం ఏ రోడ్డు మీద వెయ్యమంటారు?"

ఆసామి ఆ మూల వైపు చూశాడు. పడమటి ఎండలో అదొక్కటే తడిగా నల్లగా ఉంది. "పంట అయ్యాక మాట్లాడుకుందాంలే," అన్నాడు. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. బండి వెళ్లిపోయింది.

మర్నాడు ఎండెక్కాక మేమిద్దరం పారలు తీసుకుని వెళ్లాం. నీడను తవ్వలేం గాని ఊటను తవ్వొచ్చు. గట్టు అడుగున, మా వైపే, ఆమె కౌలు కట్టే నేలలోనే, ఒక బారెడు వదులుకుని బోదె తీయడం మొదలుపెట్టాం. పైనుంచి కౌలుదారు చూసి, "ఈ వయసులో మీకెందుకండి బాబాయ్ గారూ, రెండు మాటలు చెబితే మా వాళ్లను పంపేవాణ్ణి కదండి," అన్నాడు.

చెప్పిన మాటలు రెండు కాదు, చాలానే. నేను తలెత్తలేదు. పార దిగిన చోటల్లా చల్లటి నీరు ఊరి, బోదెలోంచి మురుగు కాలువ వైపు మెల్లగా నడిచింది.