మైకులో గంగబాబు మార్చిన మాట

ఉప్పలగుప్తం మండలంలో గంగబాబు ముఖం తెలియనివాళ్లు ఉండొచ్చు గానీ గొంతు తెలియనివాళ్లు లేరు. కొత్త కొట్టు తెరిచినా, కరెంటు కోత ఉన్నా, మనిషి తప్పిపోయినా, ఆటోకి మైకు కట్టుకుని ఊరూరా చెప్పేది అతనే.

రెండేళ్ల కిందట తప్పిపోయింది అతని తల్లి సత్యనారాయణమ్మే. ఆమెకి అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బని అమలాపురం డాక్టరు అప్పటికే చెప్పారు. కంగారులో గంగబాబు అలవాటైన మాటలే మైకులో అన్నాడు: "మతిస్థిమితం లేని వృద్ధురాలు, నీలం చీర..."

మధ్యాహ్నానికి ఓడలరేవు బస్టాపులో దొరికింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పక్కనే టీకొట్టు నడిపే విజయకుమారిని అడిగాడు, "గుక్కెడు మంచినీళ్లయినా ఇవ్వలేదేంటండీ?"

"మతిస్థిమితం లేదని మీరే కదండీ చెప్పేరు. మీద పడుద్దేమోనని భయమేసిందండీ."

గంగబాబుకి కోపం రాలేదు. సిగ్గేసింది. మర్నాడే డాక్టరు దగ్గరికెళ్లి, ఏమని చెప్పాలో అడిగి చీటీ మీద రాసుకున్నాడు. ఆ రోజు నుంచి ఏ ప్రకటన చేసినా చివర్లో అర నిమిషం తనదే.

"పెద్దవాళ్లు దారి మర్చిపోతే అది పిచ్చి కాదండీ, జబ్బండీ! పేరేంటి, ఊరేంటి అని నిలదీయకండి. కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. నాకు ఫోన్ చెయ్యండి."

కొందరు నవ్వారు. "నా కొట్టు ప్రారంభంలో జబ్బుల గోలేంటయ్యా?" అని ఒకాయన వేరే మైకు పెట్టుకున్నారు. కానీ ఫోన్లు మొదలయ్యాయి. "మా అత్తగారు కూడా అంతేనండీ. ఎవరితోనూ అనలేదండీ," అంటూ గొంతు తగ్గించి చెప్పేవారు. ఏడాదిలో ఈ జబ్బున్నవాళ్ల ఇళ్లు ముప్ఫై ఒకటి తేలాయి.

గంగబాబు ఆ ముప్ఫై ఒక్క ఇళ్ల సంగతీ మండల ఆఫీసులో చెప్పాడు. "వీళ్లని అమలాపురం దాకా బస్సులో తీసుకెళ్లడం నరకమండీ. నెలకోసారి డాక్టర్నే ఇక్కడికి రప్పించండి."

"ఇలాంటివి జనం బయటపెట్టరయ్యా. ముందు వచ్చే ఆదివారం మన ఆఫీసు హాల్లో ఒక్కసారి శిబిరం పెట్టి చూద్దాం. వస్తేనే ఆ తర్వాత," అన్నారు అధికారి.

ఆ ఆదివారం గంగబాబు తెల్లవారుజామునే ఆటో తీశాడు. ఊరూరా తిరిగి తొమ్మిదింటికి హాలు దగ్గరికొస్తే, డాక్టరూ ఖాళీ కుర్చీలూ! రోడ్డు మీదకెళ్లి నిలబడ్డాడు. పావుగంటకి ఒక ఆటో వచ్చింది. దాని వెనక ఇంకోటి. తర్వాత ఐనవిల్లి నుంచి కారు, ఓడలరేవు నుంచి నిండా మనుషులతో వ్యాను! పది దాటేసరికి కుర్చీలు చాలక అధికారే బల్లలు మోయించారు. గంగబాబు ఒకరికి చెయ్యందిస్తూ, ఇంకొకరికి చోటు చూపిస్తూ పరుగులు పెడుతున్నాడు.

అంతలో వెంకటదుర్గ అనే పెద్దావిడ భర్తని కుర్చీలో కూర్చోబెట్టి వచ్చింది. "మైకు నాకోసారి ఇవ్వండి బాబూ!"

ఇచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని జనం వైపు తిరిగింది.

"మా ఆయనకి మతిమరుపు జబ్బండీ. మూడేళ్లుగా మోకాళ్ల నొప్పులని అందరికీ అబద్ధం చెప్పేను. ఇంక చెప్పనండీ!"

హాలంతా ఒక్కసారిగా మాటలు మొదలయ్యాయి. "మా నాన్నగారికీ అంతేనండీ", "ఆయ్, మా అక్కకీ" అంటూ ఎప్పుడూ చూసుకోనివాళ్లు ఒకరి చేతులొకరు పట్టుకుంటున్నారు. అధికారి గంగబాబు భుజం తట్టి, "ప్రతి నెలా మొదటి ఆదివారం. చెప్పెయ్," అన్నారు.

గంగబాబు ఆ కబురు ఒకసారికి బదులు మూడుసార్లు చెప్పాడు.