సియు హ్వా బాలింత సారా

"సారా పారబొయ్యమన్నాడు మిషను దొర. పోశాను. ఒడ్డునున్న బాతులు తాగి, ఆ పూటంతా అడ్డంగా నడిచాయి," అంది సియు హ్వా అవ్వ, కోడిముక్కల్ని అల్లంతో వేయిస్తూ.

"మరి మీ ఆయనేమన్నాడు అవ్వా?" అనడిగాను.

"ఏమంటాడు! నల్లమందు ముట్టను, జూదమాడను, తాగను అని మిషను కాగితం మీద వేలిముద్ర వేసింది తను. నాచేత ఎవరూ వేయించలేదే!"

సముద్రం అవతలి దీవిలో, ఈ సిబూలో దిగేనాటికి ఆమెకి పందొమ్మిదేళ్ళు. సొంతూరు ఫూచౌ నుంచి మెథడిస్టు మిషను వాళ్ళు తీసుకొచ్చిన రెండో ఓడలో మొగుడి వెంట వచ్చింది. రాజాంగ్ నది ఒడ్డున ఆకు పాకలు, మోకాళ్ళ లోతు బురద. సొంతూళ్ళో నాటే నెలలోనే ఇక్కడా వరి నాటారు, వరద తీసుకుపోయింది. తర్వాత రబ్బరు వేశారు. వారమంతా వాన పడి ఆదివారం ఒక్కరోజే ఎండ కాసినా, ఆ రోజు పాల కోసం చెట్లు గీసేవారు కాదు. ఆ కట్టుబాటు ఆమె ఎన్నడూ తప్పలేదు.

తప్పింది ఒక్కటే. బాలింతకి నెల రోజులు ఎర్రసారాలో ఉడికించిన కోడి పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. సారా పులియబెట్టడానికి ఎర్రగా బూజు పట్టించిన బియ్యం ఆమె నడుముకి కట్టుకుని తెచ్చుకుంది. మిషను దొర పారబోయించిన పది రోజులకి, పక్క పాకలో మేయ్ చూ ప్రసవించి, ఒళ్ళు చల్లబడుతుంటే ఆ సారా కోడి అడిగింది. తెల్లారేసరికి పోయింది.

"తింటే బతికేదని నేననను. అడిగింది, నా దగ్గర లేదు. అంతే."

మళ్ళీ పులియబెట్టింది, ఎవరికీ దాచకుండా. అందుకు రెండేళ్ళు చర్చిలో ఆమెకి ప్రభు భోజనం, అందరికీ పంచే ఆ రొట్టె, ద్రాక్షరసం, ఇవ్వలేదు. పాటలు పాడి ఇంటికి వచ్చేసేది. తర్వాతి పాస్టర్లు చూసీచూడనట్టు ఊరుకున్నారు. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు మాత్రం, ఈ ఆదివారంలోగా జాడీలు పగలగొడితేనే ప్రభు భోజనం అన్నాడు.

"అరవై తొమ్మిదేళ్ళు నాకు. ఇంకో రెండేళ్ళు కాచుకోమంటే ఎట్లా?" అంది. ఆ మాట దగ్గర గరిటె ఆగింది.

మొన్న పాస్టరు భార్య కొడుకుని కంది. నిన్న పాస్టరు తల్లి, చొక్కా కింద ఖాళీ సీసా పెట్టుకుని దొడ్డిదారిన అవ్వ వంటింట్లోకి వచ్చింది.

"'మావాడికి తెలియనివ్వకు వదినా' అంటుంది! నేనేమన్నా నల్లమందు అమ్ముతున్నానా? సీసాలో పొయ్యను, కోడే వండి పంపుతా ఫో అన్నాను."

జాడీలోంచి సారా వంచి, ఉడికాక గిన్నెకి మూతపెట్టి, గుడ్డలో మూటగట్టి నా చేతికిచ్చింది.

"చల్లారకముందే తీసుకెళ్ళు నాయనా. దొడ్డిదారిన కాదు, ముందు గుమ్మంలోంచే. పాస్టరే తలుపు తీస్తే, సియు హ్వా పంపిందని చెప్పు. ఆదివారం వస్తున్నాననీ చెప్పు."