వీధి తలుపు బాగైంది

నరసరావుపేటలో మేముంటున్న పాత ఇంటి వీధి తలుపు కుంగిపోయి, ఏళ్ల తరబడి గచ్చును గీస్తూ ఉండేది. గొళ్ళెం పట్టి పైకెత్తి, భుజంతో గట్టిగా తోస్తేనే తెరుచుకునేది. ఈ రోజు వడ్రంగి మస్తాన్ భాయ్ వచ్చి, వదులైన బందులు మార్చాడు. ఇప్పుడు వేలితో తోసినా చాలు.

ఆ సంగతి తెలియని మా ఆయన సాయంత్రం వచ్చి, అలవాటుగా భుజం పెట్టాడు. నేరుగా వెళ్లి అత్తయ్య ముందున్న చిక్కుడుకాయల చాటలో బోర్లా పడ్డాడు.

"ఏందిరా, ఇంట్లోకి వస్తన్నావా, ఇల్లు పడగొడతన్నావా?" అంది అత్తయ్య.

"తలుపు బాగైందని ఒక ఫోన్ కొట్టొచ్చుగదే!" అని ఆయన నామీద పడ్డాడు.

పడీపడీ నవ్వి, పాల ప్యాకెట్ కోసం కొట్టుకెళ్ళాను. తిరిగొచ్చి నేనూ భుజమే పెట్టాను. పాల ప్యాకెట్ కూడా ఆ చాటలోకే వెళ్ళింది.

తలుపు ఒక్క పూటలో దారికొచ్చింది, మా భుజాలే ఇంకా రాలేదు. ఇంతకీ మీ ఇంట్లో ఏది తంతేగానీ పనిచేయదు?