డాక్టర్ అంకుల్ ఓట్లడిగిన తీరు

ఇరవై రెండేళ్లు నిండిన ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదీ లేదని నా గట్టి నమ్మకం. కాలేజీలో పొలిటికల్ సైన్స్ చదివాను, ఇక ఎన్నికలెంత. అందుకే మా నాన్నగారి స్నేహితుడు, రిటైరైన ఎముకల డాక్టర్ అంకుల్, అమెరికాలో మేముండే డెలావేర్ రాష్ట్ర శాసనసభకి పోటీ చేస్తానని మా ఇంట్లో కాఫీ తాగుతూ చెప్పగానే, ఆయన అడగకముందే నేను క్యాంపెయిన్ మేనేజర్‌నైపోయాను. (ఆ పదవికి ఇంకెవరూ ముందుకు రాలేదన్న సంగతి అప్పట్లో గమనించలేదు.)

మా రాష్ట్రమే చిన్నది, నియోజకవర్గం ఇంకా చిన్నది. కొద్ది ఓట్లు అటూ ఇటూ అయితే ఫలితం తారుమారు. కనక తెలుగువాళ్ల ఓట్లన్నీ మూటగట్టాలని వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి, పెట్టిన ప్రతి టిఫినూ తిని, నూట నలభై పేర్ల జాబితా అంకుల్ ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "వీళ్లలో సిటిజన్స్ ఎంతమందమ్మా?" అని మెల్లగా అడిగారు.

మళ్లీ అందరికీ ఫోన్లు చేశాను. సగంమంది హెచ్-వన్ వీసా మీద ఉన్నారు, కొందరు గ్రీన్ కార్డ్ మీద; వీళ్లెవరికీ ఓటు లేదు. సిటిజన్స్‌లో చాలామంది ఇళ్లు హైవేకి అవతల, అంటే పక్క నియోజకవర్గంలో. మరి నాతో సరేనని ఎందుకన్నారని ఒకాయన్ని నిలదీస్తే, "ఓటేస్తారా అని అడిగావు గానీ, వెయ్యగలరా అని అడగలేదు కదమ్మా" అన్నాడు. ముప్పై ఒక్క ఓట్లు మిగిలాయి.

ఇక ముక్కూమొహం తెలియని వాళ్ల తలుపులు తట్టడమే దారి. మూడో ఇంట్లో ఒక తెల్లజుట్టు పెద్దావిడ చేతికర్రతో వచ్చి తలుపు తీసింది. అంకుల్ తాను డాక్టర్నని చెప్పి, ఏ మోకాలని అడిగారు. ఆవిడని మెట్ల మీద కూర్చోబెట్టి, కాలు ఎలా చాపాలో, ఎలా మడవాలో చూపించి, వ్యాయామాలన్నీ తన ఇంటి అడ్రస్‌తో సహా కాగితం మీద రాసిచ్చారు. కరపత్రాలు నా సంచిలోనే ఉండిపోయాయి. ఓటు అడగలేదేమని కారెక్కాక నేను గొణిగితే, "నొప్పితో ఉన్న మనిషిని ఓటెలా అడుగుతామమ్మా" అన్నారు. నాలుగు రోజులకల్లా జనం ఆయన కోసం వాకిట్లో కుర్చీలు వేసుకుని ఎదురుచూడసాగారు. గాలి మావైపు తిరిగిందని నేను ఊరంతా చెప్పాను.

ఓడిపోయాం. తేడా వంద ఓట్లు కూడా లేదు. మర్నాడు నేను అంకుల్ ఇంట్లో మొహం వేలాడేసుకుని కూర్చుంటే, ఆ మోకాలినొప్పి పెద్దావిడ ఇంట్లో చేసిన "ఆపిల్ పై" తీసుకుని వచ్చింది. వాకిట్లోని ఎన్నికల బోర్డు మీద ఆయన ఫొటో చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పోటీ చేసింది మీరా? కౌంటీ ఆరోగ్యశాఖవాళ్లు పంపిన డాక్టరనుకున్నాను. నిన్న అవతలివాళ్లకి వేసేశానే" అంది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. అంకుల్ మాత్రం చేతికర్ర లేని ఆవిడ చేతివైపు చూసి, "పోలింగ్ బూత్‌కి ఎలా వెళ్లారు?" అని అడిగారు.

నడిచే వెళ్లానంది, రానూ పోనూ. అప్పుడు ఆయన మొహంలో కనిపించిన సంతోషం, ఆ తర్వాత ఎన్నో ఎన్నికల్లో పనిచేశాను గానీ, గెలిచినవాళ్ల మొహాల్లో కూడా చూడలేదు. ఆ పూట నేను ఆయన మీద అలిగి ఆ ఆపిల్ పై ఒక్క ముక్క కూడా ముట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అంత తేలిగ్గా అలగగలిగిన ఆ అమ్మాయి మీద కాస్త ముద్దూ వస్తుంది.