సూరత్‌లో దొరికిన బావ

కరోనా రోజుల్లో చీరలు కొనడానికి సూరత్ వెళ్లాను. రింగ్ రోడ్ మార్కెట్‌లో మూట విప్పుతుంటే దానికి బిగించిన రేకుపట్టీ నా అరచేతిని చీరేసింది. కర్చీఫ్ చుట్టుకుని దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తితే, ఎమర్జెన్సీ గుమ్మంలోనే కాపలాదారు ఆపేశాడు. వెంట ఇంటిమనిషి ఒకరుంటేనే లోపలికి పంపుతాడట. ఊళ్లో నాకెవరున్నారు? ఫోన్‌లో ఇంటివాళ్లకు తెలుగులో మొరపెట్టుకుంటుంటే, వేలికి కట్టుతో బెంచీ మీద కూర్చున్న మరమగ్గం కార్మికుడొకాయన లేచాడు.

"యే మేరా సాలా హై" అని కాపలాదారుకు చెప్పి, నావైపు తిరిగి "నడువ్ బామ్మర్దీ" అన్నాడు.

మాస్కు పైన కళ్లు తప్ప ఆయన మొహం కూడా చూడలేదు నేను. అయినా బావ వరస కలిశాక ఊరుకుంటాడా? సూది చూసి నేను కెవ్వుమనగానే అందుకున్నాడు.

"గింత సూదికే గిట్ల ఒర్లుతవేందిరా? మీ అక్క నన్ను రోజు మాటలతోని పొడుస్తది. నేనెప్పుడన్న ఒర్లిన్నా?"

నవ్వాపుకోలేక చెయ్యి కదిపాను. డాక్టరమ్మ ఇద్దర్నీ కసిరింది.

కుట్లయ్యి బయటికొచ్చాక, ఆయన భార్యకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. "ఏమే, నీకో తమ్ముడు దొరికిండు. చీరల వ్యాపారమట."

ఎవరు, ఏమిటి అని ఆమె ఒక్క ముక్క అడగలేదు.

"తమ్మీ, మీ బావ పొద్దంత బట్ట నేస్తడు గని, నాకొక్క మంచి చీర తెచ్చిన పాపాన పోలే. రాఖీ కడత, నువ్వన్న తే."

బావ వైపు చూశాను. నిజమే, అంత పోటు పడ్డా ఆయన ఒర్లలేదు.